ఎదుటివాళ్ల నాడి

హాస్టల్ గదిలో కూర్చుని రాసిన ఇంటర్వ్యూని సుభద్ర మొదటి పేజీలోనే పట్టేస్తుంది. అలాంటి ఇంటర్వ్యూల్లో జనం పుస్తకంలా మాట్లాడతారు. "మా వార్డులో పౌర భాగస్వామ్యం తక్కువగా ఉంది" అంటుంది చేపలమ్మే ఆవిడ. "స్థానిక సంస్థల పట్ల ప్రజల్లో అవగాహన పెరగాలి" అంటాడు ఇస్త్రీ బండి ఆయన. ఇద్దరిదీ ఒకటే గొంతు. ఇద్దరూ ఎం.ఏ. రెండో సంవత్సరమే చదువుతున్నట్టుంటారు.

"ఈ చేపలమ్మే ఆవిడ ఎవరయ్యా?" అని అడిగింది సుభద్ర. "ఓసారి తీసుకురా. మన డిపార్ట్‌మెంటుకి హెడ్‌గా వేసుకుందాం."

తరగతి నవ్వింది. ఆ ఇంటర్వ్యూ రాసిన కుర్రాడు అందరికన్నా గట్టిగా నవ్వాడు. సుభద్రకి ఒళ్లు మండింది. ఇరవై ఏళ్లుగా కాకినాడలో ఈ కాలేజీలో ఆమె చెప్పేది ఒకటే పాఠం. జనం దగ్గరికి వెళ్లాలి, కూర్చోవాలి, అడగాలి, వాళ్లు చెప్పింది వినాలి, విన్నది రాయాలి. దానికి గుణాత్మక పరిశోధన పద్ధతులని పేరు పెట్టి, నాలుగు క్రెడిట్లు ఇచ్చి, ఒక వార్డు చూపించి, అక్కడి జనం తమ వీధి పనుల్లో ఎలా పాల్గొంటున్నారో తెలుసుకుని రమ్మంటే, పిల్లలు ఆ వార్డు వైపే వెళ్లడం లేదు.

కొల్లాబత్తుల ప్రశాంతి కాగితాలు మాత్రం వేరు. వాటిలో జనం వాక్యం మధ్యలో ఆగిపోయారు. కుక్కర్ కూత వేసింది. గ్యాసు బండ ఎక్కడ దించాలని ఎవరో అడిగారు. ప్రశాంతి ఉండేది ఆ వార్డులోనే, పల్లపు వీధిలో. తల్లి సువార్తమ్మ రొయ్యల ఫ్యాక్టరీలో పని చేస్తుంది. తండ్రి లేడు.

వార్డులో తగువు ఒక కల్వర్టు గురించి. వాన పడితే మిట్ట వీధిలో నిలిచిన నీళ్లు ఆ కల్వర్టు గుండా పల్లపు వీధిలోకి దిగుతాయి. అక్కడినుంచి పోయే దారి లేక ఇళ్లలోకి వస్తాయి. కల్వర్టు చిన్నది కాబట్టి మిట్ట వీధిలోనూ మోకాలి లోతు నిలుస్తాయి. దాన్ని వెడల్పు చేయమంటారు మిట్ట వీధివాళ్లు. ముందు ఉప్పుటేరు దాకా కాలువ తవ్వి, తర్వాత కల్వర్టు ముట్టుకోమంటారు పల్లపు వీధివాళ్లు. ఈ ఏడాది రెండింట్లో ఒక్కటే అవుతుందని ఇంజనీరు చెప్పాడు. వార్డు సభలో జనం మాట విని ప్రతిపాదన పంపుతానన్నాడు. పల్లపు వీధి తరఫున ఏ సభలోనైనా మాట్లాడేది ప్రశాంతే. మిగతా ఆడవాళ్లు ఆమె వెనక నిలబడి తలలూపుతారు.

ఆమె కాగితాల్లో లోపం కూడా అక్కడే ఉంది.

"ఇంటర్వ్యూలో నీ మాటలే ఎక్కువున్నాయి" అంది సుభద్ర. "సూర్రావు గారు రెండు ముక్కలంటే నువ్వు పది అన్నావు."

సూర్రావు మిట్ట వీధి సంఘానికి అధ్యక్షుడు. పోస్టాఫీసులో చేసి రిటైరయ్యాడు.

"ఆయన అబద్ధాలు చెప్తుంటే ఊరుకోమంటారా మేడం?"

"ఊరుకోమంటాను. మన పనే అది. ఆయనకి అలా ఎందుకనిపిస్తోందో తెలుసుకోవడం నీ పని. ఆయన్ని గెలవడం కాదు."

"వాన పడితే మా ఇంట్లో నీళ్లు మంచం కోళ్లదాకా వస్తాయి మేడం. మరి నాకెలా అనిపించాలి?"

"నీ సంగతి పక్కనబెట్టు" అంది సుభద్ర. ఆ మాట ఆమె ప్రతి ఏడాదీ ప్రతి విద్యార్థికీ చెప్పేదే.

పట్టీలు వచ్చింది ఆ నెలలోనే. పక్క ఇంజనీరింగ్ కాలేజీలో బయోమెడికల్ ల్యాబ్ నడిపే ఫణీంద్ర వాటిని చెప్పుల డబ్బాలో పెట్టుకుని తెచ్చాడు. చూడటానికి గడియారం లేని గడియారపు పట్టీల్లా ఉన్నాయి. ఒకటి తను కట్టుకుని, రెండోది సుభద్ర మణికట్టుకి కట్టాడు.

"ఇప్పుడు నన్నేదైనా అడగండి మేడం."

"ఏమడగను?"

"మీ ఇష్టం."

"మీకింకా పెళ్లెందుకు కాలేదు?"

ఫణీంద్ర నవ్వాడు. "సంబంధం కుదరాలి కదండీ" అన్నాడు. మాట తేలిగ్గానే ఉంది. కానీ సుభద్ర కడుపులో మెలిపెట్టినట్టయింది. గొంతు కింద బరువు పడింది. కుర్చీలోంచి లేచి వెళ్లిపోవాలనిపించింది. ఆ ప్రశ్న అడిగినందుకు ఆమె సిగ్గుపడింది.

"చూశారా? మాట చెవికొచ్చింది. మిగతాది పట్టీలోంచి వచ్చింది" అన్నాడతను. ఎదుటి మనిషి నాడి, చెమట, కండరాల బిగువు ఒక పట్టీ పసిగడుతుంది. రెండోది దాన్ని కట్టుకున్నవాళ్ల నరానికి అందిస్తుంది. ఒళ్లు దాన్ని తన సొంతమే అనుకుంటుంది.

"తీసేస్తే?"

"గంటలో పోతుంది. ముగ్గురి మీద చూశాం."

వినడం నేర్పడానికి తను ఇరవై ఏళ్లు పడిన పాట్లు ఈ చెప్పుల డబ్బాలో సరిపోయాయని సుభద్ర అనుకుంది. మొదటి జత ప్రశాంతికి ఇచ్చింది. ఎదుటివాళ్లతో వాదించే పిల్లకే అది ముందు కావాలని ఆమె ఉద్దేశం. ప్రతి మనిషికీ విషయం చెప్పి, ఒప్పుకున్నవాళ్లకే కట్టమంది. ఎప్పుడూ చెప్పే నియమాలు రెండూ మళ్లీ చెప్పింది.

"కొత్త సంగతి రావడం ఆగిపోయేదాకా అడుగుతూనే ఉండు. కలిసినవాళ్లల్లా విన్నమాటే చెబుతుంటే అప్పుడు ఆపు. రెండోది, సొంతింటివాళ్లని అడగొద్దు. వాళ్లు మనకి కావలసిందే చెబుతారు. మనమూ మనకి కావలసిందే వింటాం."

టేపు రికార్డరు పట్టుకుని వెళ్లేవాళ్లకి ఆ రెండూ మంచి నియమాలే. వీధిలో పదిమందిని అడిగేసరికి మాటలు తిరిగి తిరిగి అవే వస్తాయి. కానీ "నీళ్లొస్తాయంటే భయం" అని ఇద్దరంటే ఇద్దరి భయం ఒకటి కాదు. ఒకరిది గుండెలో ఉంటుంది, ఒకరిది మోకాళ్లలో. పట్టీ కట్టుకున్నవాళ్లకి కొత్త సంగతి రావడం ఆగదు. సుభద్రకి అది తట్టలేదు. ప్రశాంతికి ఆపమని చెప్పినవాళ్లు లేరు, ఆమె ఆపలేదు. పల్లపు వీధి అయ్యాక మిట్ట వీధికి వెళ్లింది. మిట్ట వీధి అయ్యాక పక్క సందుల్లోకి వెళ్లింది.

ఆ వారాల్లో వచ్చిన కాగితాలు చూసి సుభద్ర సంతోషపడింది. వాటిలో ప్రశాంతి వాదన లేదు. సూర్రావు పేజీలకు పేజీలు మాట్లాడాడు. భార్య ఊపిరితిత్తులు పాడై ఆక్సిజన్ మిషను మీద ఉందట. మిట్ట వీధిలో నీళ్లు నిలిస్తే కరెంటు తీసేస్తారట. అప్పుడాయన భార్యని భుజాన వేసుకుని నీళ్లలో నడిచి మెయిన్ రోడ్డుకు చేరాడట. "ఇంటర్వ్యూ అంటే ఇదీ" అని సుభద్ర ఆ పేజీలను పేరు తీసేసి తరగతిలో చదివింది.

సుభద్రా ప్రశాంతీ కలిసి వార్డుకి వెళ్తున్న రోజు ఆటో అతను మామూలుకి రెట్టింపు అడిగాడు. ప్రశాంతి దెబ్బలాడుతుందని సుభద్ర పక్కకి తప్పుకుంది. ప్రశాంతి మారుమాట లేకుండా ఎక్కి కూర్చుంది.

"అంత అడిగితే ఊరుకున్నావేం?"

"పొద్దున్నించీ ఏమీ తినలేదు మేడం అతను. కడుపు మండిపోతోంది."

"నీకెవరు చెప్పారు?"

ప్రశాంతి తన మణికట్టు చూసుకుంది. పట్టీ లేదు. అది బ్యాగులో ఉంది.

తర్వాతి వారం సువార్తమ్మ డిపార్ట్‌మెంటుకి వచ్చింది. ఫ్యాక్టరీ టోపీ చేతిలోనే ఉంది. గది బయటే చెప్పులు విడిచింది.

"మేడం గారంటే మీరేనాండి?"

"నేనే. కూర్చోండి."

"కూర్చోడానికి రాలేదండి, షిఫ్టుకెళ్లాలి. మా పిల్లకేం చేసేరో చెప్పండి."

"ఏమైంది?"

"ఏమైందా? మొన్న మా మరిది తాగొచ్చి గుమ్మంలో నిలబడి నన్ను నానా మాటలూ అన్నాడండి. ఇదివరకైతే ఇది చెప్పుచ్చుకుని వీధి చివరిదాకా తరిమేది. ఇప్పుడేమో, 'అమ్మా, చిన్నాన్న గుండెల్లో ఎంత దిగులుందో' అని కూర్చుని ఏడుస్తందండి. నన్ను తిట్టినోడి దిగులు నాకెందుకండి?"

"కొన్నాళ్లకి సర్దుకుంటుంది" అంది సుభద్ర.

"ఎన్నాళ్లకండి? వచ్చే వారమే సభ. మా వీధంతా దీని నోటి మీదే ఆధారపడి ఉంది. ఇదేమో మిట్ట వీధోళ్లకీ కష్టాలున్నాయంటది. లేవని ఎవరన్నారండి? ఆళ్ల కష్టాలు చెప్పుకోడానికి ఆళ్లకి నోళ్లున్నాయి. మాకున్నదిదొక్కటే. దాన్ని కాస్తా మీరట్టుకెళ్లిపోయేరు."

ఆమె వెళ్లిపోయాక సుభద్ర చెప్పుల డబ్బా తీసుకుని ఫణీంద్ర ల్యాబుకి వెళ్లింది. బల్లమీద దాన్ని శబ్దం వచ్చేలా పెట్టింది.

"గంటలో పోతుందన్నారు."

"పోతుంది మేడం. ఒకరో ఇద్దరో అయితే."

"పోలేదు. పట్టీ లేకుండానే ఆ పిల్లకి అందరి కడుపునొప్పులూ తెలుస్తున్నాయి."

ఫణీంద్ర ముందుకు వంగాడు. "పట్టీ లేకుండానా? నిజంగానా? అయితే ఒళ్లు నేర్చేసుకుందన్నమాట. ముఖం చూసి, నడక చూసి మిగతాది తనే ఊహించేసుకుంటోంది. ఇంట్లో రోజూ చూసే ముఖాన్నయితే అలవాటు కొద్దీ పట్టించుకోదు గానీ. మేడం, ఇది చాలా పెద్ద..."

"మీ రీసెర్చ్ పేపరు సంగతి తర్వాత. తగ్గేదెలా?"

"నేర్చుకున్నది ఎలా తగ్గుతుందండీ? సైకిలు అమ్మేస్తే తొక్కడం మర్చిపోతామా?"

"ఇదేనా మీ జవాబు?"

"అంతమందికి కడతారని నేననుకోలేదు మేడం. ఎవరైనా ముగ్గురు నలుగురితో ఆపేస్తారు కదా."

ఆపొద్దని చెప్పింది తనే. ఆ మాట సుభద్ర అతనికి చెప్పలేదు. తిరిగి వస్తూ ప్రశాంతి కలిసినవాళ్లందరినీ గుర్తు చేసుకుంది. మిట్ట వీధిలో ఇల్లు వదల్లేదు. పల్లపు వీధిలో వదిలింది ఒక్క ఇల్లే. అది కూడా సుభద్ర నియమం ప్రకారమే. ఆ పిల్ల ఒంట్లోకి వార్డంతా వచ్చి చేరింది. రానిది తల్లి ఒక్కతే.

మర్నాడు సాయంత్రం ఆమె పట్టీలు తీసుకుని పల్లపు వీధికి వెళ్లింది. సువార్తమ్మ గుమ్మంలో కూర్చుని కాళ్లకి కొబ్బరినూనె రాసుకుంటోంది. వేళ్ల మధ్య చర్మం తెల్లగా ఉబ్బి ఉంది. ప్రశాంతి లోపల అన్నం వారుస్తోంది. సుభద్ర తను చెప్పదలచుకున్నది చెప్పింది. ఒక్క గంట మీ అమ్మాయి ఎదురుగా ఇది కట్టుకుని కూర్చోండి, అందరితోపాటు మీదీ ఆమెకి తెలుస్తుంది, అంది.

సువార్తమ్మ పట్టీ అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఇది కట్టుకుంటే నా బాధ దానికి తెలుస్తదాండి?"

"తెలుస్తుంది."

"దీన్ని తొమ్మిది నెలలు మోసి కన్నానండి. ఇరవై రెండేళ్లు పెంచేను. నా బాధ నా కూతురికి తెలవడానికి నేనిప్పుడు చేతికి బెల్టు కట్టుకోవాలా?" ఆమె పట్టీని సుభద్ర ఒడిలో పెట్టింది. "కట్టుకోనండి. టీ తాగుతారా?"

"అమ్మా, మేడం చాలా ఇబ్బంది పడుతున్నారే" అంది లోపల్నుంచి ప్రశాంతి.

"అదిగో" అంది సువార్తమ్మ. "మీ ఇబ్బంది కూడా దానికే తెలిసింది."

సభ మునిసిపల్ స్కూలు హాల్లో జరిగింది. పిల్లల బెంచీల మీద మిట్ట వీధి ఓ పక్క, పల్లపు వీధి ఓ పక్క కూర్చున్నాయి. సుభద్ర వెనక గోడ దగ్గర రికార్డరు పెట్టుకుని కూర్చుంది. పరిశీలించడానికి వెళ్లినచోట నోరు విప్పకూడదన్నది ఆమె ఏనాడూ తప్పని నియమం.

సూర్రావు కల్వర్టు గురించి మాట్లాడాడు. కొలతలు చెప్పాడు, పాత అర్జీల సంగతి చెప్పాడు. భార్య మాట ఎత్తలేదు. తర్వాత ఇంజనీరు పల్లపు వీధి వైపు తిరిగాడు. ఆడవాళ్లంతా ప్రశాంతిని ముందుకు తోశారు.

ప్రశాంతి లేచింది. తన వీధివాళ్లని చూసింది. ఎదురుగా ఉన్న ముఖాలను ఒక్కొక్కటే చూసింది. చివరికి సూర్రావు దగ్గర ఆగింది.

"ఆయన అసలు సంగతి చెప్పడం లేదండి" అంది. "ఆయన భార్యకి ఆక్సిజన్ మిషను ఉంది. కరెంటు పోతే ఆవిడ ఊపిరాడక ఆయన చొక్కా పట్టుకుంటుంది. మబ్బు పడితే చాలు, ఆయన పెరట్లోకి వెళ్లి ఎవరికీ కనబడకుండా ఏడుస్తారు. కల్వర్టు వెడల్పు చేయకపోతే ఆవిడ బతకదని ఆయన భయం. నాకు తెలుసు. ఆ భయం ఎలా ఉంటుందో నాకు తెలుసు."

సూర్రావు ముఖం కందిపోయింది.

"ఏమ్మా" అన్నాడు. "నీ దగ్గర చెప్పుకున్నది నలుగురిలో పెడతావా? నేనేడుస్తానని నిన్ను చెప్పమన్నానా?"

ప్రశాంతి రెండు చేతులతో ముఖం కప్పుకుంది. ఆయనకి కలిగిన అవమానం ఆమెకి కలిగింది.

ఇంజనీరుకి ఇంకో వార్డుకి వెళ్లే తొందర ఉంది. "సరే, కల్వర్టు వెడల్పుకి పల్లపు వీధి నుంచి కూడా అభ్యంతరం లేదన్నమాట" అంటూ కలం తీశాడు.

సుభద్ర లేచి నిలబడింది. రికార్డరు ఆమె ఒడిలోంచి కింద పడింది.

"ఆగండి. ఆ అమ్మాయి మాట పల్లపు వీధి మాటగా రాసుకోవద్దు. నేనామె టీచర్ని. నేను చేసిన ప్రయోగం వల్ల ఆమె ఎవరి తరఫునా మాట్లాడలేని స్థితిలో ఉంది. తప్పు నాది. ఆమెది కాదు."

"మీదీ వార్డేనాండి?"

"కాదు."

"మరి మీరు మాట్లాడకూడదండి. కూర్చోండి. వార్డువాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి."

నోరు విప్పని ఇరవై ఏళ్ల తర్వాత విప్పితే జరిగింది ఇది. సుభద్ర కూర్చోలేదు. వార్డువాళ్లు ఎవరూ లేవలేదు. పల్లపు వీధి ఆడవాళ్లు అలవాటుగా ప్రశాంతి వీపునే చూస్తున్నారు.

"ఎవరూ లేరా?" అన్నాడు ఇంజనీరు.

"ఉన్నామండి" అంది సువార్తమ్మ. లేచింది గానీ ఇంజనీరు వైపు చూడలేదు. కూతురు వైపు తిరిగింది.

"ఏమే, సూర్రావు గారి భార్యకి కష్టంగా ఉంది. ఉంది, ఎవరు కాదన్నారు? ఆ మిషనుకి కరెంటు తీయొద్దని అడుగు, నేనూ వచ్చి అడుగుతాను. కానీ ఆరి నీళ్లు తెచ్చి నా ఇంట్లో పొయ్యమంటావేంటే? నేను షిఫ్టంతా ఐసు నీళ్లలో నిలబడి వస్తాను. ఇంటికొచ్చి మళ్లీ నీళ్లలోనే నిలబడమంటావా? చెప్పు. అందరి సంగతీ తెలుసంటావు కదా."

ప్రశాంతి తల్లిని చూస్తూ నిలబడింది.

"కాలువ లేకుండా కల్వర్టు ముట్టుకోడానికి మేం ఒప్పుకోమండి" అని సువార్తమ్మ ఇంజనీరుకి చెప్పి కూర్చుంది. ఆమె వెనక ఒకామె "ఒప్పుకోం" అంది. మరొకామె అంది. బెంచీల్లోంచి ఒక్కొక్కరే లేచారు.

ఇంజనీరు విసుగ్గా కలం మూశాడు. రెండు వీధుల వాదనలూ రాసి పైకి పంపుతానని, కాలువకి కొలతలు తీయించాక మళ్లీ సభ పెడతానని చెప్పాడు. గెలిచామని ఎవరికీ అనిపించలేదు. సూర్రావు అందరికన్నా ముందే వెళ్లిపోయాడు.

బయట గేటు దగ్గర ప్రశాంతి సుభద్రని ఆపింది. సువార్తమ్మ కొంచెం ముందు నడుస్తోంది.

"మేడం, మీరు లేచినప్పుడు మీకు కాళ్లు వణికాయి. ఇంజనీరు గారికి తలనొప్పిగా ఉంది. సూర్రావు గారు ఇంటికెళ్లి అన్నం తినరు."

"ఇప్పుడివన్నీ ఎందుకే?" అంది సుభద్ర. ఆమెకి నిజంగానే ఓపిక లేదు.

"అమ్మ మాట్లాడినప్పుడు మాత్రం నాకేమీ తెలియలేదు మేడం. ఎంత చూసినా ఒంట్లోకి రాలేదు. మాటలు మాటల్లాగే వినపడ్డాయి. అమ్మకి లోపల ఎలా ఉందో నాకు తెలియడం లేదు." ఆమె ఏడుపు ఆపుకుంటోంది. "అందరిదీ తెలిసి అమ్మది తెలియకపోతే ఎలా మేడం?"

సుభద్ర ఆ పిల్ల భుజం పట్టుకుని తల్లి వైపు తిప్పింది.

"తెలియకపోతే వెళ్లి అడుగు. నాకూ, అందరికీ ఉన్న దారి అదొక్కటే."

ప్రశాంతి గబగబా నడిచి తల్లిని అందుకుంది. ఏమడగాలో తెలియనట్టు కొంచెం దూరం పక్కనే నడిచింది. తర్వాత అడిగింది.

"అమ్మా, కాళ్లు నొప్పెడుతున్నాయా?"

సువార్తమ్మ ఆగి కూతురి ముఖంలోకి చూసింది.

"ఇన్నాళ్లకా అడగడం?" అంది. "పద, నడుస్తూ చెప్తాను. చాలా ఉంది."